సాగినదాని కొలత

బెల్టు మీది నెంబరు ఎన్నడో అరిగిపోయింది.
కిరసనాయిలు గుడ్డతో తుడిస్తే
'ఏ' అని ఒక్క అక్షరం తేలింది,
పక్కన నాలుగో తొమ్మిదో ఒక వంకర.
మిగతాది ఇరవై ఏండ్ల టేకు పొట్టు తిన్నది.

ఈ రంపం బల్ల వయసుల నాకన్న పెద్దది.
బల్లార్షాల ఎవలో అమ్ముతుంటే నాయన కొన్నడు.
పోత ఇనుము, ఒక మూలకు పగులు.
కింద వంగి చూస్తే మోటారుకు, ఆకుకు నడుమ
రెండు బెల్టులు పక్కపక్కన:
ఒకటి బీటలు వారింది,
ఒకటి లోపలి దారాలు బయటేసుకున్నది.

నిన్నటి నుంచి మోటారు తిరుగుతది, ఆకు ఆగుతది.
మంచం పట్టె సగం కోసినంక కాలిన రబ్బరు వాసన.
డుంగా ఆత్రం ముక్కు మూసుకొని
"అక్కా, ఇగ ఇది గుంజదు" అన్నడు.

పాత బెల్టు చుట్టు దారం తిప్పి, ముడేసి,
ఆ ముక్కను కొంగుకు కట్టుకొని
సిరొంచల అహేరి బస్సెక్కిన.
రోడ్డు సంగతి రాయను.
రాస్తే కవిత అంతా గుంతలే అయితది.

వాసేకర్ దుకాణంల బెల్టులు
గాజుల మలారం లెక్క సైజువారీగ వేలాడుతున్నయి.
దారాన్ని బద్ద మీద పరిచి
బయటి కొలతల నుంచి రెండంగుళాలు తీసేసి
"త్రేచాళీస్" అన్నడాయన.
పైసలు మరాఠీల లెక్కపెడత, కట్టె తెలుగుల కొలుస్త,
నడుమ ఎవలన్న అంకె అడిగితే
ఒక్క గడియ నోరు తడుముకుంట.
నలభై మూడు, అవును.

"తాయీ, దారం దేని చుట్టు తిప్పినవ్?"
"పాతదాని చుట్టు."
"సాగినదాన్ని కొలిస్తే
దాని సాగుడు గూడ కలుస్తది గద."

డుంగాకు ఫోన్ చేసిన.
ఉత్త పుల్లీల చుట్టు దారం తిప్పి
వాడు రెండుసార్లు చెప్పిండు, నలభై నాలుగు.
రెండు పోతే నలభై రెండు.
పదేండ్లయింది కావచ్చు,
ఒక అంగుళం వదులును
మేమంతా బలం అనుకోబట్టి.

"ఒక్కటి కొత్తది ఎయ్యి, బాగున్న పాతదాన్ని ఉంచు,
పైసలు మిగులుతయి."
ఆ మాట మీద నాకు లచ్చు మడావి యాదికొచ్చిండు.
మిషను రాకముందు దుంగ మీద నాయన, కింద గుంతల లచ్చు.
నాయన గుంజిన ప్రతిసారి పొట్టంతా లచ్చు కండ్లల్లనే.
ఒకనాడు లచ్చుకు జరమొచ్చి మా మామ దిగిండు,
కొత్త ఒళ్లు, కొత్త కోపం, జెల్ది జెల్ది గుంజిండు.
పొద్దుమూకే యాళ్లకు పలక నడుమల వంకర పోయింది.
దాన్ని పారెయ్యలేక నాయన గోడకు అరుగు చేసిండు.
ఇప్పటికీ దాని మీద చెంబు నిలవదు.

"రెండూ కొత్తయే కావాలె," అన్న.
పోరడు అటక ఎక్కి మూడు పట్టుకొచ్చిండు,
మూడిటి మీద గూడ అదే అంకె.
నమ్మలేదు నేను. ఒక్క మేకుకు జతజతగ తగిలేసి చూసిన.
మొదటి రెండిట్ల ఒకటి అరవేలు కిందికి జారింది.
మొదటిది, మూడోది
ఒక్క అంచుకు ఆగినయి.
వాసేకర్ అద్దాలు తీసి తుడుచుకున్నడు,
ఏమనలేదు. పది రూపాయలు తగ్గించిండు.

రాత్రి ఎనిమిదయింది బిగించేసరికి.
బెల్టు వీపు గాడి అంచుతోటి సమంగ ఉన్నది,
బొటనవేలితో నొక్కితే అరంగుళం దిగింది, చాలు.
బల్ల అడుగున మేకుతోటి గీకిన:
ఏ, నలభై రెండు, జత.
ఎవరికో తెల్వదు.

స్విచ్చు ఏసిన.
కరెంటు లేదు.
డుంగా నవ్వు ఆపుకోలేక బయటికి పోయిండు.

చేత్తోనే ఆకును మెల్లగ తిప్పిన.
చీకట్ల చప్పుడు లేకుండ
రెండూ కదిలినయి.
ఏది ముందు గుంజుతున్నదో, ఏది వెనుకబడ్డదో
టార్చిలైటు పట్టి శానసేపు చూసిన.
దొరకలేదు.